అటకమీది ప్రతి

పాతకాలపు ఇళ్లలో అటక అంటూ ఒకటి ఉండేది. పెళ్లిళ్లకు మాత్రమే దిగే గుండిగలు, కాలు విరిగిన పీటలు, నిరుటి ఊరగాయ జాడీలు, తాతగారి పంచాంగాలు, ఎవరూ విప్పని తాటాకు కట్టలు, అన్నీ అక్కడికే చేరేవి. ఒక పని మూలపడిందని చెప్పటానికి "అటకెక్కింది" అంటాము. అటక పట్ల మన భాషకున్న గౌరవం అంతే. నిజానికి తెలుగు గ్రంథాలలో ఎన్నో ఈనాటికి మిగిలాయంటే, ఎవరో ఒకరు వాటిని పారవేయక అటక ఎక్కించటమే కారణం.

చలనచిత్రాల కూర్పుకు ప్రపంచమంతటా వాడే ఆవిడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో, మనం చేస్తున్న పనికి ఎప్పటికప్పుడు తనంతట తాను ప్రతులు తీసి దాచే ఫోల్డరు ఒకటున్నది. దాని పేరు 'ఆటిక్'. అంటే అటకే! ఆ సంగతి తెలిసిననాడు నాలో నేను నవ్వుకొన్నాను. ఆ పేరు పట్టుకొని వెనక్కు నడవగా కనిపించిన చరిత్రను మిత్రులతో పంచుకోవాలని ఈ వ్యాసం. సాంకేతిక విద్యలో నేను ప్రవీణుణ్ణి కాను. తెలుగు పండితుణ్ణి. పాఠభేదాలు, ప్రతులు, లేఖక ప్రమాదాలు నా చదువులోని మాటలు. ఆ కళ్లతోనే ఈ విషయాన్నీ చూశాను. తప్పులుంటే పెద్దలు సవరించగలరు.

ముందుగా నాకు ఈ చింత ఎందుకు పట్టుకొన్నదో చెప్పాలి.

2006 వేసవి సెలవులలో, మా పాఠశాల డ్రాయింగు మాస్టారూ నేనూ కలిసి, మా ప్రాంతపు హరికథకులు ఒకరి కథాగానాన్ని వీడియో తీశాము. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) నడయాడిన విజయనగరం సీమ మాది. చిన్నదో పెద్దదో, ప్రతి ఊరికీ ఒక దాసుగారుండేవారు. మేము తీసిన దాసుగారికి అప్పటికి ఎనభై ఏళ్లు కావస్తున్నాయి. మూడు సాయంకాలాలు రుక్మిణీ కల్యాణం చెప్పారు. మొత్తం 11 మినీ డీవీ క్యాసెట్లు నిండాయి. గంట క్యాసెట్టును కంప్యూటరులోకి దింపితే సుమారు 13 గిగాబైట్ల చోటు పడుతుంది. 160 గిగాబైట్ల డిస్కు ఒకటి అరువు సొమ్ముతో కొని, అంతా అందులోకి దింపాము.

దాసుగారు తొమ్మిది రోజులపాటు రోజూ మా ఇంటికి వచ్చి, కంప్యూటరు పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నారు. ఏది ఉంచాలో ఏది తీయాలో ఆయనే చెప్పేవారు. ఒకచోట ఒకే కీర్తనను రెండు మార్లు పాడారు. మొదటిసారి గొంతు శుభ్రంగా పలికింది, రెండవసారి కొంచెం జీరపోయింది. మేము మొదటిదే ఉంచబోయాము. "వద్దు బాబూ, మొదటిది తాళంలో ఉంది గాని నేనందులో లేను. రెండోది ఉంచండి" అన్నారు. అటువంటి తీర్పులు ఆ తొమ్మిది రోజులలో వందకు పైగా చెప్పి ఉంటారు.

ఏడవనాటి సాయంకాలం, ఫైలును భద్రపరిచే మీట నొక్కిన క్షణంలోనే కరెంటు పోయింది. మళ్లీ వచ్చాక ఆ ఫైలు తెరుచుకోలేదు. దాసుగారికి ఏమని చెప్పాలో తెలియక మేమిద్దరమూ ఒకరి ముఖమొకరు చూసుకొన్నాము. ఇంజనీరింగు చదువుతూ సెలవులకు వచ్చిన మా మేనల్లుడు కూర్చుని, ఏవో ఫోల్డర్లు వెదికి, "మావయ్యా, ఇదే అరగంట కింద దాచిన ప్రతి ఉందిక్కడ" అన్నాడు. మేము అడగకుండానే ఆ సాఫ్ట్‌వేర్ తనంతట తాను తీసి పెట్టిన ప్రతి అది. అరగంట పని మాత్రమే పోయింది. ఆనాడు ఆ కుర్రవాడికి మా ఇంట జరిగిన మర్యాద కొత్త అల్లుడికి కూడా జరిగి ఉండదు.

ఇంతకూ పాడైన ఆ ఫైలులో ఏమున్నది? దానిని ప్రాజెక్టు ఫైలు అంటారు. అందులో బొమ్మ లేదు, శబ్దం లేదు. దాసుగారి ముఖమూ లేదు, చిరతల చప్పుడూ లేదు. అవన్నీ వేరే పెద్ద ఫైళ్లలో ఉంటాయి. ఈ చిన్న ఫైలులో ఉండేది ఫలానా క్యాసెట్టులో ఫలానా క్షణం నుండి ఫలానా క్షణం దాకా తీసుకో, దాని తరువాత ఇది చేర్చు, ఇక్కడ శబ్దం తగ్గించు అనే నిర్ణయాల పట్టిక. పూర్వం గ్రామకరణంగారి దస్త్రంలో భూమి ఉండేదా? ఉండేది సరిహద్దుల వివరం. దస్త్రం తగలబడితే పొలం ఎక్కడికీ పోదు, కాని ఏ గట్టు ఎవరిదో తెలియదు. ప్రాజెక్టు ఫైలు పోయినా అంతే. దృశ్యం మిగులుతుంది, వివేచన పోతుంది. దృశ్యాన్ని మళ్లీ దింపుకోవచ్చు. వివేచన చేసిన మనిషి మళ్లీ దొరకకపోవచ్చు.

ఈ భయం వీడియోలతో పుట్టినది కాదు. మన తాళపత్ర యుగమంతా దీనితోనే గడిచింది. తాటాకు చెదలకూ తేమకూ లోబడినది. అందుచేత గ్రంథాన్ని కాపాడటమంటే ఆకును కాపాడటం కాదు, ఆకు శిథిలమయ్యేలోగా మరో ఆకుమీదికి ఎక్కించటం. గ్రంథాంతంలో లేఖకులు ఒక మనవి వ్రాసేవారు. నూనె నుండి, నీటి నుండి, వదులైన కట్టు నుండి తన్ను కాపాడమని పుస్తకమే చదువరిని వేడుకొన్నట్లుండే మనవి అది. అయితే ఎంత మంచి లేఖకుడైనా ప్రతి తీసేటప్పుడు తప్పు చేస్తాడు. ఆ తప్పు తరువాతి ప్రతికి సంక్రమిస్తుంది. ఉన్న ఒక్క ప్రతినీ నమ్మితే తప్పునే నమ్మినవారమవుతాము.

ఈ సంగతిని చక్కగా గ్రహించినవాడు సి.పి. బ్రౌన్ దొర (1798–1884). కడపలో తన బంగళాలో పండితులను జీతాలిచ్చి పెట్టుకొని, అప్పులు చేసి మరీ వ్రాతప్రతులు తెప్పించాడు. ఒక గ్రంథానికి ఒక ప్రతితో తృప్తి పడక, దొరికినన్ని ప్రతులు సమకూర్చి, పోల్చి, శుద్ధప్రతి వ్రాయించేవాడు. 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించినది ఈ పద్ధతిమీదనే. ఆయన సేకరించిన ప్రతులు మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారానికి చేరి నిలిచాయి. ప్రతులు అనేకం ఉండాలి, అవి వేరువేరు కాలాలవై ఉండాలి అనే సూత్రం అప్పటికే మనవాళ్లకు అనుభవంలో ఉన్నది.

మరొక మార్గం కూడా మనవారు తొక్కారు. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను ఆయన వంశీయులు రాగిరేకులమీద చెక్కించి, తిరుమల ఆలయంలోని ఒక చిన్న అరలో భద్రపరిచారు. దానినే సంకీర్తన భాండారం అన్నారు. శతాబ్దాలపాటు లోకం మరచిన ఆ రేకులు 20వ శతాబ్దిలో వెలుగు చూసి, వేటూరి ప్రభాకరశాస్త్రిగారివంటి పండితుల చేతిలో పరిష్కృతమై మనకు దక్కాయి. ఇది చెడని వస్తువుమీద వ్రాసి, దూరంగా పదిలపరచటం. తాటాకు పద్ధతి చెడే వస్తువుమీద మాటిమాటికీ వ్రాయటం. ఈనాటి కంప్యూటరు భద్రతా విధానాలన్నీ ఈ రెండు దారుల కలయికే అనిపిస్తుంది.

ఇక చలనచిత్రానికి వద్దాము. సినిమా పుట్టిన తొలి దశాబ్దాలలో ఫిల్ము నైట్రేటుతో చేసేవారు. అది అగ్గిపుల్లవంటిది. అంటుకొన్నదంటే నీరు పోసినా ఆరదు. 1937లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో ఫాక్స్ కంపెనీ ఫిల్ములున్న గిడ్డంగి తగలబడి, ఆ సంస్థవారి మూగచిత్రాలలో అధికభాగం బూడిదైంది. అమెరికా కాంగ్రెసు గ్రంథాలయం 2013లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 1912–1929 మధ్య ఆ దేశంలో వచ్చిన సుమారు 11,000 పెద్ద మూగచిత్రాలలో విడుదలైన రూపంలోనే మిగిలినవి నూటికి 14 మాత్రమే.

మన కథ ఇంకా దయనీయం. 1931లో వచ్చిన తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' ప్రతి ఒక్కటీ మిగలలేదు. తెలుగువారి చలనచిత్రోద్యమానికి ఆద్యులైన రఘుపతి వెంకయ్యనాయుడుగారి కాలంలో వచ్చిన మూగచిత్రం 'భీష్మ ప్రతిజ్ఞ' (1921) పేరు వినటమే గాని చూసే భాగ్యం మనకు లేదు. పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడినది 1964లో. అప్పటికే ఎన్నో చిత్రాలు మాయమయ్యాయి. ఫిల్ములోని వెండికోసం రీళ్లను కరిగించుకొన్నవారు కూడా ఉన్నారు. ఏర్పడిన భాండాగారానికి చెందిన నైట్రేటు ఫిల్ములు సైతం 2003 జనవరిలో పుణెలో జరిగిన అగ్నిప్రమాదంలో పెద్ద ఎత్తున కాలిపోయాయి. ఒకేచోట ఉంచిన నిధికి ఎప్పుడూ ఈ గండం తప్పదు.

అయినా ఫిల్ము కాలపు ఎడిటర్ల పనిపద్ధతిలో ఒక గొప్ప జాగ్రత్త ఉండేది. వారు అసలు నెగెటివును ముట్టుకొనేవారు కారు. దాని నుండి పని కోసం ఒక పాజిటివు ప్రింటు తీసి, కత్తిరించటాలు అతికించటాలు అన్నీ దానిమీదే చేసేవారు. 35 మిల్లీమీటర్ల నెగెటివు అంచున అడుగు అడుగుకూ, అంటే 16 ఫ్రేములకొకసారి, ఒక సంఖ్య ముద్రితమై ఉంటుంది. ప్రింటులోకి కూడా అది దిగుతుంది. కూర్పు పూర్తయి అందరూ ఒప్పుకొన్న తరువాత, ఆ సంఖ్యలనుబట్టి అసలు నెగెటివును కత్తిరించేవారు. కత్తిరించటానికి ఒక ప్రతి, కాపాడటానికి ఒక మాతృక. మూలపాఠాన్ని ముట్టకుండా ప్రతిమీద దిద్దుబాట్లు చేసే పరిష్కర్తల మర్యాద ఇదే.

కాని ఆ పద్ధతిలో ఒక లోటుండేది. ఎడిటరు నిన్న చేసిన కూర్పు నచ్చక నేడు మార్చితే, నిన్నటి కూర్పు ఇక లేదు. ముక్కలు విడిపోయి బుట్టలోకి చేరాయి. నిన్నటిదే బాగుందని దర్శకుడు అంటే మళ్లీ వెదికి అతికించవలసిందే. నిర్ణయానికి ప్రతి ఉండేది కాదు.

ఆ లోటు తీరటం వీడియోటేపుల కాలంలో మొదలైంది. టేపుమీది ప్రతి ఫ్రేముకూ గంట, నిమిషం, సెకను, ఫ్రేము అనే నాలుగంకెల చిరునామా ఇచ్చే టైంకోడ్ వచ్చింది. అమెరికాలో సీబీఎస్, మెమొరెక్స్ సంస్థలు కలిసి స్థాపించిన సీఎంఎక్స్ 1971లో కంప్యూటరుతో నడిచే కూర్పు యంత్రాన్ని తెచ్చింది. ఈ వంశపు యంత్రాలు కూర్పు నిర్ణయాలను ఒక పట్టికగా వ్రాసి ఇచ్చేవి. ఏ టేపు, ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు అనే వివరాలను మొదట చిల్లుల కాగితపు పట్టీలమీద, తరువాత ఫ్లాపీలమీద దాచేవారు. కూర్పు అనే ఆలోచన కూర్చిన దృశ్యం నుండి విడిపోయి, తనకంటూ ఒక ఒంటిని సంపాదించుకొన్నది అప్పుడే. ఈనాటి ప్రాజెక్టు ఫైలుకు మూలపురుషుడు ఆ పట్టికే. నిర్ణయాలను వ్రాసిపెట్టగలిగినప్పుడే నిర్ణయాలకు ప్రతి తీయగలము.

ఇదే కాలంలో కంప్యూటరు గదులలో మరొక ఆచారం స్థిరపడింది. వ్యాపార సంస్థల లెక్కలు అయస్కాంత టేపులమీద ఉండేవి. నిన్నటి టేపునూ, నేటి మార్పుల టేపునూ కలిపి చదివి యంత్రం ఒక కొత్త టేపు వ్రాసేది. నిన్నటిది తండ్రి, కొత్తది కొడుకు, మొన్నటిది తాత. కొడుకు టేపు చెడితే తండ్రి టేపునూ మార్పుల టేపునూ కలిపి మళ్లీ కొడుకును పుట్టించవచ్చు. తండ్రికి కూడా ఆపద వస్తే తాత ఉన్నాడు. ఈ ఏర్పాటుకు ఆంగ్లంలో తాత-తండ్రి-కొడుకు పద్ధతి అనే పేరే స్థిరపడింది. తర్పణంలో పితృ పితామహ ప్రపితామహులను మూడు తరాలుగా తలచుకొనే మనకు దీనిని వివరించి చెప్పవలసిన పని లేదు. 1970ల చివర వచ్చిన వీఎంఎస్ అనే నిర్వహణ వ్యవస్థ ఇంకొక మెట్టు ఎక్కింది. ఫైలును మార్చి దాచిన ప్రతిసారీ పాతదాన్ని చెరపక, పేరు చివర 1, 2, 3 అంటూ కొత్త సంఖ్య వేసి కొత్త ప్రతి సృష్టించేది.

1989లో ఆవిడ్ సంస్థ తన తొలి కూర్పు యంత్రాన్ని ప్రదర్శించింది. దృశ్యమంతా డిస్కులోకి వచ్చింది. 1991లో అడోబీవారి ప్రీమియర్, 1999లో యాపిల్‌వారి ఫైనల్ కట్ ప్రో వచ్చాయి. వాల్టర్ మర్చ్ అనే ప్రసిద్ధ ఎడిటరు 1996 నాటి 'ది ఇంగ్లీష్ పేషెంట్' కూర్పును ఫిల్ముమీద మొదలుపెట్టి, ఇంట్లో ఆపద కారణంగా ఇంటినుంచే పనిచేయవలసి వచ్చి, మధ్యలో ఆవిడ్‌కు మారాడు. ఆ చిత్రానికి కూర్పు విభాగంలో ఆస్కారు దక్కింది. కంప్యూటరుమీద కూర్చిన చిత్రానికి ఆ బహుమతి రావటం అదే మొదలు. ఆ తరువాత కత్తెర వదిలి మౌసు పట్టినవారి సంఖ్య వేగంగా పెరిగింది.

అయితే కత్తెర కాలంలో లేని ఒక కొత్త ప్రమాదం మౌసుతో వచ్చింది. ఫిల్ము ముక్క పొరపాటున కింద పడితే వంగి ఏరుకోవచ్చు. కంప్యూటరు జ్ఞాపకంలో ఉన్న పని, కరెంటు పోయినా, సాఫ్ట్‌వేర్ ఆగిపోయినా, ఏరుకోవటానికి నేలమీద ఏమీ మిగల్చదు. మాటిమాటికీ భద్రపరచుకొమ్మని మనిషికి చెబితే సరిపోదు. పనిలో మునిగినవాడికి అది గుర్తుండదు. అందుచేత ఆ బాధ్యతను యంత్రానికే అప్పగించారు.

ఆవిడ్ తన 'అటక'లో చేసేది ఇదే. కూర్పు ఉన్న ఫైలును ఎప్పటికప్పుడు ప్రతి తీసి, వరుస సంఖ్య వేసి దాస్తుంది. పరిమితి దాటితే అన్నిటికన్న పాతదానిని తొలగిస్తుంది. పాత ఫైనల్ కట్ ప్రోలో ఆ చోటికి 'ఆటోసేవ్ వాల్ట్' అని పేరు. అంటే స్వయంరక్షిత భాండాగారం! ఒకరు అటక అన్నారు, ఒకరు భాండాగారం అన్నారు. మన తాటాకులకు పట్టిన రెండు గతులూ ఇవే కదా. 2011లో కొత్త రూపంలో వచ్చిన ఫైనల్ కట్‌లో భద్రపరిచే మీటనే తీసివేశారు. మార్పు చేసినప్పుడే అది నమోదైపోతుంది, ప్రతులు వేరే చోట పోగవుతాయి. డావిన్చీ రిజాల్వ్ అనే మరొక సాఫ్ట్‌వేర్ కొన్ని నిమిషాలకొకటి, గంటకొకటి, రోజుకొకటి చొప్పున ప్రతులు ఉంచుతుంది. అది పైన చెప్పిన తాత-తండ్రి-కొడుకు పద్ధతికి మనుమడే.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. ఉన్న ఫైలుమీదే మళ్లీ మళ్లీ వ్రాయటం రక్షణ కాదు. పలకమీద పాత అక్షరం తుడిచి కొత్తది వ్రాసేలోగా ఎవరైనా చేయి తడితే రెండూ ఉండవు. ఏడవనాటి సాయంకాలం మాకు జరిగినది అదే. అందుకే జాగ్రత్త తెలిసిన సాఫ్ట్‌వేర్లు కొత్తదానిని ముందు వేరే ఫైలుగా పూర్తిగా వ్రాసి, ఆ తరువాతే పాతదాని స్థానంలో పెడతాయి. రెండవ సూక్ష్మం ఏమంటే, మన తప్పును కూడా యంత్రం శ్రద్ధగా భద్రపరుస్తుంది. పొద్దున చేసిన పొరపాటు సాయంత్రం తెలిస్తే, తాజా ప్రతిలో ఉండేది ఆ పొరపాటే. సంఖ్యలు వేసిన పాత ప్రతులు ఉంటేనే పొరపాటుకు ముందరి పాఠం దొరుకుతుంది. లేఖక ప్రమాదాన్ని ప్రాచీన ప్రతితో సరిచూసుకొన్నట్లే.

మరి యంత్రానికి అప్పగించితే నిశ్చింతగా నిద్రపోవచ్చునా? పోరాదని చెప్పే కథ 1998లో పిక్సార్ సంస్థలో జరిగింది. 'టాయ్ స్టోరీ 2' అనే యానిమేషన్ చిత్రం తయారవుతుండగా, ఎవరో పొరపాటున ఫైళ్లను చెరిపివేసే ఆజ్ఞను ప్రధాన ఫోల్డరుమీద ఇచ్చారు. పనిచేస్తున్నవారు చూస్తుండగానే పాత్రలు ఒక్కొక్కటే మాయం కాసాగాయి. యంత్రాన్ని ఆపేసరికే చిత్రంలో అధికభాగం చెరిగిపోయింది. భయమేమీ లేదు, టేపుమీద ప్రతి ఉన్నది అనుకొన్నారు. తీసి చూస్తే ఆ ప్రతులు కొంతకాలంగా సరిగా నమోదు కావటం లేదని తేలింది. ప్రతి తీసే యంత్రం రోజూ నడిచింది, తీసిన ప్రతిని ఎవరూ విప్పి చూడలేదు.

చివరకు ఆ చిత్రాన్ని ఆదుకొన్నది గాలిన్ సస్‌మన్ అనే ఉద్యోగిని. ఆమె పసిబిడ్డ తల్లి కావటంచేత ఇంటినుండి పనిచేస్తూ, తన ఇంటి కంప్యూటరులోకి చిత్రపు ప్రతిని తెప్పించుకొంటూ ఉండేది. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, కారు వెనుక సీటులో పడుకోబెట్టి, అతి నెమ్మదిగా కార్యాలయానికి తెచ్చారు. కోట్ల డాలర్ల చిత్రం ఒక బాలింత ఇంటి ప్రతితో బతికింది. ఆ తరువాత కథ నచ్చక వారే ఆ చిత్రాన్ని చాలావరకు మళ్లీ చేసి 1999 నవంబరులో విడుదల చేశారు. అది వేరే ముచ్చట. అప్పటి పిక్సార్ అధ్యక్షుడు ఎడ్ కాట్మల్ 2014లో ప్రచురించిన తన పుస్తకంలో ఈ ఉదంతాన్ని దాపరికం లేకుండా చెప్పుకొన్నారు.

ఈ కథ చదివిననాడు నాకు కన్ను చెమర్చింది. మా కథ అప్పటికి ఇంకొక మలుపు తిరిగి ఉన్నది.

ఆ సంవత్సరం చలికాలంలో దాసుగారు పరమపదించారు. కూర్పు పూర్తయింది గాని, వారు చూసి సరే అన్నాక సీడీలమీదకు ఎక్కిద్దామని ఆగాము. పాఠశాల పనులలో పడ్డాము. మరి కొన్ని నెలలకు ఒకనాడు డిస్కు టకటకమని చప్పుడు చేసి ఆగిపోయింది. దృశ్యాలూ అందులోనే, ప్రాజెక్టు ఫైలూ అందులోనే, యంత్రం ఓపికగా తీసిపెట్టిన ప్రతుల ఫోల్డరూ అందులోనే. ఇల్లు కూలితే అటక మాత్రం నిలుస్తుందా? బాగుచేసేవారు చేతులెత్తేశారు. క్యాసెట్లు పదకొండూ బీరువాలో భద్రంగా ఉన్నాయి. కాని ఏ కీర్తన ఏ మారు పాడినది ఉంచమన్నారో, ఏ పిట్టకథను తీసివేయమన్నారో చెప్పటానికి ఆయన లేరు. వందకు పైగా తీర్పులు. నాకు గుర్తున్నవి పది.

నెల రోజులు ఆ విషయం డ్రాయింగు మాస్టారికి చెప్పలేకపోయాను. చెప్పిన రోజున ఆయన ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి, అట్టకు పాత క్యాలెండరు కాగితం తొడిగిన ఒక పొడుగు నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ తొమ్మిది రోజులూ ఆయన నా వెనుక కూర్చుని, క్యాసెట్టు సంఖ్య, గంట, నిమిషం, సెకను వేసి, దాసుగారు చెప్పిన ప్రతి మాటా వ్రాసుకొన్నారు. "మీరు యంత్రాన్ని నమ్మారు, నాకు యంత్రం తెలియదు కనుక వ్రాసుకొన్నాను" అన్నారు. రెండోసారి పాడిన ఆ కీర్తన దగ్గర ఎర్రసిరాతో గీత గీసి, 'నేనందులో లేను' అనే మాట కూడా వ్రాసి ఉంచారు.

1971 నాటి ఆ నిర్ణయాల పట్టిక గురించి నాకు అప్పటికి తెలియదు. తెలిసిన తరువాత అర్థమైంది, డ్రాయింగు మాస్టారు తన చేతివ్రాతతో చేసినది అచ్చంగా అదే. ఆ పుస్తకం ముందుంచుకొని రెండు వేసవులలో కూర్పు మళ్లీ చేశాము. దాసుగారి మనుమరాలి పెళ్లినాడు ఆ కుటుంబానికి సీడీలు అందించాము. డ్రాయింగు మాస్టారు కూడా ఇప్పుడు లేరు. నోటుపుస్తకం నా దగ్గర ఉన్నది. దానికి జిరాక్సు తీసి, ఒకటి దాసుగారి ఇంటా, ఒకటి మేనల్లుడి ఇంటా ఉంచాను.

పీటర్ క్రో అనే అమెరికా ఛాయాచిత్రకారుడు 2000ల దశకంలో వ్రాసిన పుస్తకంతో ఒక సూత్రం ప్రసిద్ధమైంది. దానిని 3-2-1 అంటారు. ప్రతులు మూడు ఉండాలి, అవి రెండు రకాల వస్తువులమీద ఉండాలి, వాటిలో ఒకటి వేరే చోట ఉండాలి. ఆలోచించి చూడండి. తాటాకుమీద, రాగిమీద, తిరుమలలో ఒకటి, కడపలో ఒకటి అన్నట్లు మన పెద్దలు చేసినది ఇదే. కాకపోతే వారికి అది సూత్రం కాదు, అలవాటు.

నేను ఇప్పుడు పాటించేది ఇంతే. సాఫ్ట్‌వేర్‌లో స్వయంరక్షణ ఏర్పాటు చేసి ఉన్నదో లేదో పని మొదలు పెట్టకముందే చూస్తాను. ఆ ప్రతుల ఫోల్డరును దృశ్యాలున్న డిస్కులో కాక వేరే డిస్కులో పెట్టిస్తాను. ప్రాజెక్టు ఫైలు చిన్నదే కనుక, రోజు ముగిశాక తేదీ వేసి మేనల్లుడికి ఈ-మెయిలు చేస్తాను. నెలకొకసారి ఒక పాత ప్రతిని తీసి, తెరుచుకొంటున్నదో లేదో చూస్తాను. అన్నిటికన్న కష్టమైనది ఈ చివరిదే. బాగున్నదని నమ్మకమున్న దానిని విప్పి చూడటానికి మనసు ఒప్పదు. టాయ్ స్టోరీవారికీ ఒప్పలేదు.

మీ ఇళ్లలో పెద్దవాళ్ల మాటలు, పాటలు, పెళ్లిళ్ల వీడియోలు తప్పక ఉంటాయి. వాటిని కూర్చి అందంగా చేయాలనే ఉబలాటమూ ఉంటుంది. చేసేటప్పుడు ఆ పెద్దలను పక్కన కూర్చోబెట్టుకోండి. యంత్రం తీసే ప్రతిని యంత్రం తీస్తుంది, తీయనివ్వండి. వారు ఏది ఎందుకు ఉంచమన్నారో మాత్రం ఒక పొడుగు నోటుపుస్తకంలో మీరు వ్రాసుకోండి. వ్రాసి అటకమీద పెట్టండి.

శుభం భూయాత్.